బాల్కనీ పేరంటాలు

ఆ థియేటర్‌లో నాకు అప్పగించిన ఆస్తి ఒక టార్చిలైటు, ఒక నల్ల వెయిస్ట్‌కోటు. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి వెళ్ళి, ఆ కోటు తొడుక్కుని, రెండు గంటల ఆటకి వచ్చినవాళ్ళ టికెట్ చూసి సీటు దాకా తీసుకెళ్ళడం నా పని. జీతం లేదు. లేదు కాబట్టే ఆ పని నాకు దక్కింది. 2006లో నా పాస్‌పోర్టులో ఉన్న వీసా ప్రకారం నేను ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగారి భార్యని, అంతకుమించి ఏమీ కాదు. ఊరికే చేస్తే ఎంతైనా చేసుకోవచ్చు, ఎవరైనా జీతమిస్తే మాత్రం తప్పు.

అంతకుముందు ఆరేళ్ళు జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పాను. సెక్షన్‌కి ఎనభైమంది పిల్లలు, వెనక బెంచీ దాకా వినపడే గొంతు నాది. పెన్సిల్వేనియాలో ఆ పాత ఉక్కు ఊరికి వచ్చాక ఆ గొంతు విన్నది మా ఆయన ఒక్కడే, అదీ సాయంత్రం ఆరు తర్వాత. మా అపార్ట్‌మెంట్ హైవే పక్కన ఉండేది. ఫుట్‌పాత్ లేదు, ఆదివారాలు బస్సు లేదు. డ్రైవింగ్ టెస్టులో పారలల్ పార్కింగ్ దగ్గర రెండుసార్లు ఫెయిలయ్యాను. కాళ్ళకి పనిచెప్పాలంటే మెయిల్‌బాక్స్ దాకా వెళ్ళి రావడమే. కిటికీలోంచి చూసి చూసి, పార్కింగ్ లాట్‌లో ఎవరి కారు ఎన్నింటికి వెళ్తుందో, ఎన్నింటికి వస్తుందో నాకు కంఠతా వచ్చేసింది. మా ఆయన మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే చదివేవాళ్ళంతా ఆయన మీద పడతారు. మంచివాళ్ళతో వచ్చే చిక్కు వేరే ఉంటుంది.

లైబ్రరీలో నోటీసు బోర్డు మీద వాలంటీర్లు కావాలన్న కాయితం చూసి మార్చిలో ఆ థియేటర్‌లో చేరాను. మూకీ సినిమాల కాలంలో కట్టిన థియేటర్ అది. ఉక్కు ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఊరికి ఉన్న దర్జా అంతా దాని లోపల పోసినట్టున్నారు. పైకప్పు నిండా రంగుల బొమ్మలు, ఎర్ర మఖ్మల్ సీట్లు, ఇత్తడి కమ్ముల మెట్లు. ఫ్యాక్టరీ మూతపడి ఊరు సగం ఖాళీ అయినా, ఒక పాతికమంది ముసలివాళ్ళు కలిసి ఈ థియేటర్ని కూలగొట్టకుండా కాపాడుకున్నారు. ఆదివారాలు నాటకాలు, సంగీతం, అప్పుడప్పుడు పాత సినిమాలు ఉండేవి.

వాలంటీర్లందరికీ పెద్ద ఒక డెబ్బై ఏళ్ళావిడ. ముప్పై ఏళ్ళు స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైంది. నేనూ ఒకప్పుడు చెప్పేదాన్నని అంటే, ఆ 'ఒకప్పుడు' అన్నది ఆవిడ చెవిన వేసుకోలేదు. వచ్చినవాళ్ళందరికీ నన్ను "మా బోటనీ టీచర్" అని పరిచయం చేసేది. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు బాత్రూంలోకి వెళ్ళి కళ్ళు కడుక్కుని వచ్చాను.

దయ్యం సంగతి నాకు మొదటి ఆదివారం తెలియదు. బాల్కనీలో చివరి వరస మొదటి సీటు మీద ఆ రోజు ప్రోగ్రాం కాయితం ఒకటి మడిచి పెట్టి ఉంది. కిటికీలోంచి కర్చీఫ్ వేసి బస్సులో సీటు ఆపుకునే జాతి మనది. ఎవరో సీటు ఆపుకుని పాప్‌కార్న్ తెచ్చుకోవడానికి వెళ్ళారనుకున్నాను. ఒక ముసలి జంట వచ్చి అక్కడ కూర్చోబోతే, మనిషున్నారండీ అని చెప్పి, వాళ్ళు మోకాళ్ళు పట్టుకుని గొణుగుతున్నా వినకుండా కింది వరసకి పంపించేశాను. ఆట సగమైనా ఆ మనిషి రాలేదు. సీటు ఆపుకుని రానివాళ్ళంటే నాకు మొదట్నుంచీ మంట. ఇంటర్వెల్‌లో పెద్దావిడతో వెళ్ళి చెప్పాను, బాల్కనీలో ఎవరో బాధ్యత లేని మనిషి సీటు ఆపుకుని పత్తా లేకుండా పోయారని. ఆవిడ నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"నువ్వు చేసింది కరెక్టే. అక్కడ మనిషుంది," అంది.

అప్పుడు చెప్పింది. పందొమ్మిదేళ్ళ పిల్లట. మూకీ సినిమాల రోజుల్లో మాలాగే టార్చిలైటు పట్టుకుని సీట్లు చూపించేదట. పెళ్ళి ఇంకో నెల ఉందనగా జ్వరం వచ్చి పోయింది. ఇప్పటికీ లేటుగా వచ్చినవాళ్ళకి బాల్కనీ మెట్ల దగ్గర దారి చూపిస్తుందట. ఎవరినీ ఏమీ అనదట. ప్రతి ఆటకీ ఆ పిల్లకి ఒక సీటు వదిలి, ప్రోగ్రాం కాయితం పెట్టడం అక్కడ ఆనవాయితీ. ఆ పిల్లకి ఒక ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. మన ఊళ్ళో అయితే భూతవైద్యుణ్ణి పిలిచి, వేపమండలతో కొట్టి, తరిమేదాకా నిద్రపోయేవాళ్ళు కాదు. వీళ్ళు టికెట్ లేకుండా సీటిచ్చి కూర్చోబెట్టారు.

నాకు భయం వేయలేదు. నిజం చెప్పాలంటే కొంచెం ఈర్ష్య కలిగింది. ఆ తర్వాత ఏడెనిమిది నెలలు బాల్కనీ నాదే. కాయితం నేనే పెట్టేదాన్ని. వారంలో ఆరు రోజులు ఆ ఒక్క మధ్యాహ్నం కోసం ఎదురుచూసేదాన్ని. మూడో నెలలో వేవిళ్ళతో లేవలేకపోయినా ఆదివారం పదకొండింటికల్లా తయారై, మా ఆయన కారు తాళాలు తీసేదాకా తలుపు దగ్గర నిలబడి ఉండేదాన్ని. నన్ను అక్కడ దింపి ఆయన గ్రాసరీకి వెళ్ళేవాడు. ఆయన దృష్టిలో అది నాకు కాలక్షేపం, ఆయనకి గ్రాసరీ టైము.

అక్టోబరులో, నాకు ఆరో నెల వచ్చాక, పురుడు పోయడానికి మా అత్తగారు వచ్చారు. మేమిద్దరం ఉన్నప్పుడు మా ఆయన్ని 'నువ్వు' అనేదాన్ని, ఆవిడ దిగిన రోజున ఎయిర్‌పోర్టులోనే 'మీరు'కి మారిపోయాను. ఆవిడ సాధింపులు తెలియని మనిషి. తెల్లారకుండా లేచి నాకిష్టమని మినపరొట్టె వేసేది. నా తలకి నూనె పెట్టేది. కాళ్ళు వాచాయని పీట తెచ్చి, కింద కూర్చుని అరికాళ్ళు రుద్దేది. తిట్టే అత్తతో పోట్లాడొచ్చు. అరికాళ్ళు రుద్దే అత్తతో ఏం పోట్లాడతాం?

ఆవిడ వచ్చిన మొదటి శనివారం, భోజనాల దగ్గర, నవ్వించాలని నేనే ఆ ఆపుకున్న సీటు కథ చెప్పాను. ముసలి జంటని కింది వరసకి తోలేసిందీ, పెద్దావిడ నవ్విందీ అంతా అభినయించి మరీ చెప్పాను. మా ఆయన నవ్వాడు. అత్తగారి చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"దయ్యమున్న చోటికి కడుపుతో ఉన్న పిల్ల వెళ్తోందా?" అని అడిగింది. నన్ను కాదు, కొడుకుని.

"అమ్మా, అది ఫ్రెండ్లీ ఘోస్ట్. ఏమీ చెయ్యదు."

"ఏమీ చెయ్యకపోతే దయ్యమని ఎందుకంటార్రా?"

మా ఆయన పచ్చడి గిన్నె ఆవిడ వైపు జరిపాడు.

"ఆడదా మగాడా?"

"లేడీయే అనుకుంటా. కదా?" అని నా వైపు చూశాడు.

"ఎలా పోయిందట? అది తెలియాలి ముందు. పెళ్ళి కాకుండా పోయినా, బాలింతరాలుగా పోయినా వాళ్ళంత చెడ్డవి ఇంకోటి లేవు. కోరిక తీరదు కదా, కడుపుతో ఉన్నవాళ్ళనే కనిపెట్టుకునుంటాయి. అదే మొగుడు ఉండగా, నిండు ముత్తైదువుగా పోయిందనుకో, అది వేరే సంగతి. వాళ్ళు పేరంటాళ్ళవుతారు. మా ఊళ్ళో పేరంటాలమ్మ గుడికి కడుపుతో ఉన్నవాళ్ళని పనిగట్టుకుని తీసుకెళ్తాం."

నేను పెరుగు గిన్నె తేవడానికి లేచి వంటింట్లోకి వెళ్ళాను. పందొమ్మిదేళ్ళు, పెళ్ళికి ఇంకో నెల. అంతకంటే చెడ్డ వివరాలు వెతికినా దొరకవు. నేను తిరిగొచ్చేసరికి తీర్పు అయిపోయింది.

"మూడు నెలలేగా, మానెయ్," అన్నాడు మా ఆయన. "అమ్మకి మనశ్శాంతిగా ఉంటుంది. నీకూ రెస్ట్."

"సరే," అన్నాను.

రెండు ఆదివారాలు ఇంట్లో ఉన్నాను. ఒంటిగంట అయ్యేది, రెండయ్యేది. అత్తగారు దేశం నుంచి తెచ్చిన సీరియల్ సీడీ పెట్టి, నా కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. నేను కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూసేదాన్ని. ఇప్పుడు బాల్కనీలో దీపాలు తగ్గించి ఉంటారు, ఎవరో కాయితం పెట్టడం మరిచిపోయి ఉంటారు, అనుకునేదాన్ని. ఊపిరాడేది కాదు. ఏడో నెలలో అలాగే ఉంటుందని అత్తగారు దిండు ఎత్తు పెంచింది.

మూడో వారం నాకు ఒక ఉపాయం తోచింది. శనివారాలు పదకొండింటికి ఆ థియేటర్ చూపించే టూర్ ఒకటి ఉండేది, పెద్దావిడే అన్నీ వివరించి చెప్పేది. అత్తగారిని అక్కడికి తీసుకెళ్తే? ఆవిడకి ఇంగ్లీషు రాదు. మధ్యలో తెలుగు చేసి చెప్పాల్సింది నేనే. నా బుర్రకి అప్పుడు నేనే మురిసిపోయాను.

"ఊరికే భయపడటమెందుకు అత్తయ్యగారూ, మీరే వచ్చి కళ్ళారా చూడండి. ఎలా పోయిందో ఆ పెద్దావిణ్ణే అడుగుదాం," అన్నాను.

ఆవిడ ఒప్పుకుంది. బయల్దేరేముందు నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఒక నిమ్మకాయ వేసి, నుదుటన విభూతి పెట్టింది. మా ఆయన మమ్మల్ని దింపి, కారుకి ఆయిల్ మార్పించడానికి వెళ్ళిపోయాడు. ఆయన ఉంటే నా ఆట సాగదని, ఆ ఆయిల్ సంగతి పొద్దున్నే గుర్తు చేసింది నేనే.

టూర్‌లో మాతోపాటు ఇంకో ఆరుగురు ఉన్నారు. పెద్దావిడ నన్ను చూసి రెండు చేతులూ చాచి వచ్చి, మా అత్తగారిని కూడా పట్టుకుని కావిలించుకుంది. అత్తగారు కొయ్యబారిపోయింది కానీ, వదిలాక పమిట సర్దుకుని, "మంచావిడలా ఉందే," అంది. స్టేజి చూపించారు, తెర లాగే తాళ్ళు చూపించారు, నటుల గదులు చూపించారు. అత్తగారు స్టేజి మీదికి మాత్రం రాలేదు. పైకప్పు బొమ్మల్లో రెక్కలున్న ఆడవాళ్ళని చూపించి, వీళ్ళెవరని అడిగింది. అప్సరసలని చెప్పాను. అది అబద్ధం కాదు, సర్దుబాటు.

అసలు అబద్ధం బాల్కనీలో మొదలైంది. పెద్దావిడ చివరి వరస దగ్గర ఆగి, గొంతు కొంచెం తగ్గించి, పందొమ్మిదేళ్ళ పిల్ల గురించి, కుట్టించుకున్న పెళ్ళిగౌను గురించి, జ్వరం గురించి చెప్పింది. టూర్‌కి వచ్చినవాళ్ళంతా అయ్యో అన్నారు. అత్తగారు వాళ్ళ ముఖాలు చూసి నా వైపు తిరిగింది.

"ఏమంటోంది? ఎందుకలా జాలిపడుతున్నారు?"

"అరవై దాటాక పోయిందట అత్తయ్యగారూ. ఆయన ఉండగానే. పాపం ఆయన ఒంటరైపోయాడని జాలిపడుతున్నారు."

"పిల్లలు?"

"ఐదుగురు. పురుళ్ళన్నీ సుఖంగా అయ్యాయట." ఒకసారి మొదలుపెట్టాక చెయ్యి ఆగలేదు. "మనవల్ని కూడా ఎత్తుకుంది."

గోడమీద పాతకాలపు ఫోటో ఒకటి ఉంది. టార్చిలైట్లు పట్టుకుని వరసగా నిలబడ్డ అమ్మాయిలు. పెద్దావిడ అందులో ఒక పిల్ల మీద వేలు పెట్టి చూపించింది.

"ఇంత చిన్నపిల్లలా ఉందేమిటి?"

"పెళ్ళయిన కొత్తలో తీసింది."

అత్తగారు ఫోటో దగ్గరికి వెళ్ళి చాలాసేపు చూసింది. తర్వాత నేను ఎదురుచూడని ప్రశ్న వేసింది. "నిండు ముత్తైదువుగా పోతే, ఇల్లూ వాకిలీ వదిలి ఇక్కడెందుకుంది?"

"ఇక్కడే పనిచేసేదట. ఇక్కడంటే ప్రాణమట. వారమంతా ఇంట్లో ఉన్నా, మనసు ఇక్కడే ఉండేదట."

ఆ మాటలు అంటూనే పక్క సీటు పట్టుకుని నిలబడిపోయాను. అత్తగారు ఫోటో వదిలి నా ముఖంలోకి చూసింది. ఏమైందమ్మా అన్నట్టు చెయ్యి నా వీపు మీద వేసింది. నేను మెట్లెక్కాను కదా, ఆయాసం అన్నాను.

ఆవిడ సంచీలోంచి కుంకుమ పొట్లం తీసింది. సీటు చెక్క చేతి మీద మూడు బొట్లు పెట్టింది. తన చేతికున్న ఆకుపచ్చ గాజులు రెండు తీసి, సీటు మీద ప్రోగ్రాం కాయితం పక్కన పెట్టింది. కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ నిలబడింది. టూర్‌వాళ్ళు చప్పుడు చేయకుండా చూస్తున్నారు.

"ఆవిడ ఏం చేస్తోంది?" అని పెద్దావిడ నా చెవిలో అడిగింది.

"మీ పిల్లని గౌరవిస్తోంది," అన్నాను. ఆ రోజు నేను రెండు భాషల్లో కలిపి చెప్పిన ఒకే ఒక్క నిజం అదే.

పెద్దావిడ కళ్ళు చెమర్చాయి. ఆ ఎర్ర చుక్కలు ఎవరూ తుడవకుండా తను చూసుకుంటానంది. అత్తగారికి థియేటర్ బొమ్మ ఉన్న బ్యాడ్జి ఒకటి తీసి పమిటకి తనే గుచ్చింది. నేను మెట్లు దిగుతుంటే నా చెయ్యి నొక్కి, "రేపు వస్తున్నావుగా?" అంది. వస్తున్నానన్నాను. అంత ధైర్యంగా వస్తున్నానని చెప్పి అప్పటికి నెలయింది.

కారులో అత్తగారి ముఖం వెలిగిపోతోంది. "చల్లని తల్లిరా. నేను అనవసరంగా భయపడ్డాను. వాళ్ళలో కూడా ఇలాంటి వాళ్ళుంటారని నాకేం తెలుసు," అని కొడుక్కి చెప్పింది. మా ఆయన అద్దంలో నన్ను చూసి, ఎలా మేనేజ్ చేశావన్నట్టు కనుబొమలెగరేశాడు. నేను ఇనుము వేడిగా ఉన్నప్పుడే అడిగేశాను.

"అయితే రేపు నేను వెళ్ళొచ్చా అత్తయ్యగారూ?"

"రేపా? అదెలా కుదురుతుందమ్మా? మొక్కుకున్నాను కదా."

"ఏమని?"

"సుఖంగా ప్రసవమైతే బిడ్డని తీసుకొచ్చి చీరా రవికెల గుడ్డా పెట్టుకుంటామని. మనింట్లో ఒక కట్టుబాటుంది. మొక్కుకున్నాక మొక్కు తీర్చేదాకా మళ్ళీ ఆ గడప తొక్కకూడదు. ఊరికే వచ్చి పోతుంటే తల్లి అలుగుతుంది. బిడ్డకి మూడో నెల వెళ్ళాక మనందరం వద్దాం."

"సూపరమ్మా," అన్నాడు మా ఆయన. "ప్రాబ్లం సాల్వ్‌డ్."

తాను తీసిన గోతిలో తానే పడ్డట్టయింది నా పని. దయ్యం దగ్గరికి వద్దంటే అది భయం. భయాన్ని ఈ రోజు కాకపోతే రేపైనా వాదించి పోగొట్టొచ్చు. ఇప్పుడు అది భక్తి. దానికి పునాది వేసింది నేను, ఐదుగురు పిల్లల్ని పుట్టించింది నేను. అబద్ధమని ఒప్పుకుంటే పెళ్ళికాని పిల్ల సీటుకి ఆవిడ చేత గాజులు పెట్టించినట్టవుతుంది. ఆ భయంతో ఆవిడ పురుడయ్యేదాకా కంటిమీద కునుకు వేయదు. ఎటు కదిలినా నేను కట్టిన గోడే తగులుతోంది. నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు పెద్దావిడకి ఫోన్ చేసి, డాక్టర్ మెట్లెక్కొద్దన్నారని చెప్పాను. అది మూడో అబద్ధమో ముప్పయ్యోదో లెక్కపెట్టలేదు. ఆవిడ నొచ్చుకోలేదు. నా వెయిస్ట్‌కోటు నా పేరు రాసిన కొక్కేనికే ఉంటుందని, ఎప్పుడొస్తే అప్పుడు తీసుకోమని చెప్పింది. నా జబ్బుకి సూప్ పంపనా అని కూడా అడిగింది. ఫోన్ పెట్టేశాక అత్తగారు, ఆవిడ ఏమందని అడిగితే, మిమ్మల్ని అడిగినట్టు చెప్పమంది అన్నాను.

ఆ చలికాలం నేను ఎలా గడిపానో నాకు సరిగ్గా గుర్తులేదు, గుర్తుంచుకోవడానికి అందులో ఏమీ లేదు. మంచు పడింది. పార్కింగ్ లాట్‌లో కార్లన్నీ తెల్లగా ఒకేలా అయిపోయి, ఎవరి కారేదో కూడా తెలియకుండా పోయింది. ప్రతి ఆదివారం పొద్దున అత్తగారు వంటింటి గూట్లో దేవుడి దగ్గర ఆ బ్యాడ్జి పెట్టి, దానికీ ఒక పువ్వు పెట్టేది. పేరంటాలమ్మా, నా కోడల్ని చల్లగా చూడు అని పైకే అనేది. నేను వెనక నిలబడి దండం పెట్టేదాన్ని. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో చెప్పాలి కదా.

జనవరిలో ఆడపిల్ల పుట్టింది. కాన్పు సుఖంగా అయింది. అంతా ఆ తల్లి చలవే అంది అత్తగారు. ఏప్రిల్‌లో మూడో నెల వెళ్తుంది. నేను క్యాలెండర్‌లో ఏప్రిల్ మొదటి ఆదివారం చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టుకున్నాను. ఫిబ్రవరిలో మా ఆయన కాంట్రాక్టు అయిపోయింది. కొత్త ప్రాజెక్టు న్యూజెర్సీలో, పది రోజుల్లో చేరాలి. వీసా మీద ఉన్నవాళ్ళకి, ఏప్రిల్ దాకా ఆగండి అనే నోరు ఉండదు.

అద్దె ట్రక్కులో సామాన్లు ముందు వెళ్ళాయి. వెనక మా కారు. హైవే మీద ఊళ్ళోకి దిగే దారి దగ్గరికి వచ్చినప్పుడు అత్తగారు కిటికీ వైపు తిరిగి, థియేటర్ ఉన్న దిక్కుకి చేతులు జోడించింది. ఐదు నిమిషాలు పక్కకి తిప్పితే చాలు. పెద్దావిడకి పిల్లని చూపించి రావచ్చు. అడగాలని నోటిదాకా వచ్చింది. మొక్కు తీరకుండా గడప తొక్కకూడదన్నది గుర్తొచ్చి, నోరు మూసుకుని ఏడ్చాను. పచ్చి బాలింతరాలు అలాగే ఉంటుందిలే, ఏమీ అనకు అని అత్తగారు కొడుక్కి చెప్పింది.

న్యూజెర్సీలో మేం దిగిన ప్లెయిన్స్‌బరోలో మాట్లాడేవాళ్ళకి కరువు లేదు. ఎదురింట్లో తెలుగువాళ్ళు, కిందింట్లో తెలుగువాళ్ళు. డ్రైవింగ్ టెస్టు కూడా ఇక్కడ పాసయ్యాను. ఎవరింటికి వెళ్ళినా నాలాంటి భార్యలే, ఒకరికి ఎం.టెక్., ఒకరికి సి.ఎ., అందరం కలిసి పిల్లల పుట్టినరోజులకి గాలిబుడగలు ఊదేవాళ్ళం. పెద్దావిడ దగ్గర్నుంచి రెండు క్రిస్మస్‌లకి కార్డులొచ్చాయి. మూడో ఏడు రాలేదు. ఎందుకు రాలేదో కనుక్కోవడానికి నాకు ధైర్యం చాలలేదు. అత్తగారు మాత్రం ఇండియా నుంచి ఫోన్ చేసినప్పుడల్లా, "మొక్కు అలాగే ఉండిపోయిందమ్మా," అనేది. వెళ్దాం అత్తయ్యగారూ అనేదాన్ని. ఆరు గంటల డ్రైవ్. ప్రతి వేసవిలోనూ ఏదో ఒకటి అడ్డొచ్చేది. అడ్డు రాని ఏడాది నేనే ఏదో ఒకటి అడ్డం పెట్టేదాన్ని. ఆ సీటు ముందు నిలబడి చీర పెట్టడం నావల్ల కాదనిపించేది.

2015లో, గ్రీన్‌కార్డు కోసం లైన్లో ఉన్నవాళ్ళ భార్యలు ఉద్యోగం చేసుకోవచ్చని రూలొచ్చింది. మా ఇంటికి దగ్గర్లో లైబ్రరీలో పార్ట్‌టైం పోస్టు ఒకటి పడింది. ఒక శనివారం మధ్యాహ్నం, పిల్ల డాన్స్ క్లాసుకి వెళ్ళినప్పుడు, మా ఆయన ల్యాప్‌టాప్ ముందేసుకుని నా అప్లికేషన్ నింపుతున్నాడు. నేను పక్కన కూర్చుని బీరకాయలు చెక్కు తీస్తున్నాను.

"ఇండియా ఎక్స్‌పీరియన్స్ పెట్టేశా. ఇక్కడిది కూడా ఏదైనా ఉంటే బాగుంటుంది. ఆ థియేటర్ పెట్టనా? వాలంటీర్ అని?"

"పెట్టు. ఎనిమిది నెలలు."

టకటకా కొట్టుకుంటూ పోయి ఒక గడి దగ్గర ఆగాడు. "ఎందుకు మానేశారు అని అడుగుతున్నాడు. మూవ్ అయ్యామని పెట్టేస్తా."

"మూవ్ అవడానికి నాలుగు నెలల ముందే మానేశాను."

"అవునా? ఎందుకు?"

ఆయనకి గుర్తు లేదు. నిజంగానే గుర్తు లేదు. నేను కత్తిపీట పక్కకి నెట్టి మొత్తం చెప్పాను. పందొమ్మిదేళ్ళ పిల్ల, నేను కల్పించిన మొగుడు, ఐదుగురు పిల్లలు, మనవలు, మొక్కు, అన్నీ. ఐదుగురు పిల్లల దగ్గర పగలబడి నవ్వాడు. తర్వాత నా ముఖం చూసి ఆపేశాడు.

"నీకంత ఇష్టమా అది?"

"ఇష్టం లేకపోతే వాంతులు చేసుకుంటూ ప్రతి ఆదివారం ఎందుకెళ్ళాననుకున్నావ్?"

"ఇంట్లో బోర్ కొట్టి వెళ్తున్నావనుకున్నా. నువ్వు నాకెప్పుడూ చెప్పలేదే. మానెయ్ అంటే సరే అన్నావ్, ఇప్పుడు గుర్తొస్తోంది. ఒక్క మాట చెప్పుంటే అమ్మకి నేను సర్దిచెప్పేవాణ్ణిగా. అడగందే అమ్మైనా పెట్టదంటారు."

నాకు పిచ్చి కోపం వచ్చింది. చెబితేగానీ తెలియని మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేశానా అనిపించింది. ఏదైనా గట్టిగా అందామనుకుంటే నేను చేసినవే గుర్తొచ్చాయి. అంత తెలివిగా ఆయన్ని ఆయిల్ మార్పించడానికి పంపాను. ఎన్నడో పోయిన పిల్లకి వయసిచ్చి, మొగుణ్ణిచ్చి, పురుళ్ళు పోశాను. బాల్కనీలో అత్తగారు నా వీపు మీద చెయ్యి వేసినప్పుడు కూడా ఆయాసమన్నాను. నాకు ఇక్కడికి రావాలనుంది అత్తయ్యగారూ, అన్న ఒక్క మాట మాత్రం ఎవరితోనూ అనలేదు. అది ఒక కారణంగా చెల్లుతుందని నాకు తోచనే లేదు. అంటే ఒప్పుకునేవాళ్ళో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. బహుశా ఒప్పుకునేవాళ్ళు కాదేమో. కాదనే అవకాశం కూడా వాళ్ళకి నేనివ్వలేదు.

"ఏం పెట్టమంటావ్ మరి?" అన్నాడు మా ఆయన మెల్లిగా. గడి ఖాళీగా ఉంది. అది నింపకపోతే తర్వాతి పేజీకి వెళ్ళనివ్వడం లేదు.

చేతులు చీరకి తుడుచుకుని ల్యాప్‌టాప్ నా వైపు తిప్పుకున్నాను. కాసేపు చూసి, ఊరు మారాం అని నేనే కొట్టాను.